పాత కారు, కొత్త కోరిక



ఎన్నో ఏళ్లుగా ఇంటిల్లిపాదినీ మోసిన చిన్న కారును అమ్మివేసి, దాని స్థానంలో పందెపు గుర్రం వంటి ఖరీదైన కారును కొనుక్కోవడం తప్పా? ఈ మధ్య ఒక విశ్వాసి నన్ను ఈ ప్రశ్న అడిగారు. పాపసంకీర్తనంలో అడిగినది కాదు. ఆదివారం పూజ తరువాత గుడి మెట్ల మీద నలుగురిలో అడిగినది. ఊరూ పేరూ చెప్పకుండా వ్రాసుకోమన్నారు కూడా. భీమవరం చుట్టుప్రక్కల రొయ్యల చెరువుల మీద బ్రతుకుతున్న మనిషి, వయస్సు అరవై. "ఫాదరు గారండీ, ఆ బండి అమ్మేత్తే మా నాన్నగార్ని అమ్మేసినట్టుంటదండి. ఈ కొత్తది కొనకపోతే నన్ను నేను మోసం చేసుకున్నట్టుంటదండి. ఇందులో ఏది పాపం అంటారు?" అన్నారు.

ప్రక్కనున్నవారు నవ్వారు. కాని ఇది నవ్వి ఊరుకోవలసిన ప్రశ్న కాదు. వస్తువును ప్రేమించవచ్చునా? మనకు సేవ చేసిన వస్తువుకు మనం ఋణపడి ఉంటామా? సొంత కష్టార్జితంతో ఒక ముచ్చట తీర్చుకునే హక్కు మనిషికి ఎంతవరకు ఉంది? సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో ఇలాంటి వాటిని లావుపాటి గ్రంథాలలో వెదికేవాళ్లం. ఇక్కడ అవి ఒక మారుతీ కారులో కూర్చుని వచ్చాయి.

ఆ కారు సంగతి ముందు చెప్పాలి. మారుతి 800. హెడ్మాస్టరుగా పనిచేసి పదవీ విరమణ పొందిన వారి తండ్రిగారు, చేతికి వచ్చిన డబ్బుతో 1994లో కొన్నది. తండ్రిగారు ఇప్పుడు లేరు. కారు ఉంది. పదిహేనేళ్లు నిండిన బండికి ఐదేళ్లకొకసారి రిజిస్ట్రేషను పునరుద్ధరించుకోవాలి గదా! 2009, 2014, 2019, 2024 – నాలుగుసార్లూ ఈయన శ్రద్ధగా చేయించుకున్నారు. 2022 ఏప్రిల్‌కు ముందు కారుకు 600 రూపాయలుండే ఆ రుసుము 5,000 అయింది; ఇరవై ఏళ్లు దాటిన బండ్లకు 2025లో ఇంకా పెంచారు. అయినా ఆయన బాధ రుసుము గురించి కాదు.

కొత్తది ఏమిటంటారా? హైదరాబాదులో ఉన్న కుమారుడు చూసిపెట్టిన సెకండ్ హాండ్ ఫోర్డ్ మస్టాంగ్. రెండే తలుపులు, వాలిన వీపు, పొడవాటి ముక్కు. 2016లో మన దేశంలోకి దిగినప్పుడు దాని ధర సుమారు 65 లక్షలు. ఇంజను దాదాపు 5 లీటర్లు; అంటే 796 సి.సి.ల మారుతీ ఇంజనుకు ఆరు రెట్లు. ఇటువంటి బండిని స్పోర్ట్స్ కూపే అంటారు. ఈయన కుర్రతనంలో ఒక ఇంగ్లీషు సినిమా వాల్‌పోస్టరు మీద ఇలాంటి కారును చూసి, అప్పటినుండి మనసులో దాచుకున్నారట. చెల్లెళ్ల పెళ్లిళ్లు చేశారు. 1990లలో తెల్లమచ్చ వ్యాధి టైగరు రొయ్యను తుడిచిపెట్టినప్పుడు చేసిన అప్పు తీర్చారు. 2009 తరువాత వనామీ వచ్చాక నిలదొక్కుకున్నారు. పిల్లలను చదివించారు. ఇప్పుడు చేతిలో నాలుగు డబ్బులున్నాయి. ఇన్నాళ్లకు ఒక్క కోరిక. దీనిని "లోకాశ" అని ఒక్క మాటలో కొట్టిపారేయడం న్యాయంగా తోచడం లేదు.

ముందు పాత బండి సంగతి చూద్దాం. మారుతి 800 అంటే మనవారికి అంత ప్రేమ ఎందుకో ఇప్పటి యువతకు తెలియకపోవచ్చు. 1983 డిసెంబరు 14న ఢిల్లీలో మొట్టమొదటి కారు తాళాలను ప్రధాని ఇందిరాగాంధీ గారు ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి హర్‌పాల్ సింగ్ గారి చేతికి ఇచ్చారు. ధర 47,500 రూపాయలు. మొదటి బండి ఎవరికన్నది లాటరీలో తేలింది. అంతవరకు కారంటే అంబాసిడరు, ఫియటు. అది డాక్టరు గారి ఇంటి ముందో, మిల్లు యజమాని ఇంటి ముందో ఉండే వస్తువు. మారుతీ వచ్చాక బడిపంతులు ఇంటి ముందు కూడా కారు నిలబడింది. 2014 జనవరిలో తయారీ ఆగేవరకు దేశంలో పాతిక లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. హర్‌పాల్ సింగ్ గారు తన ఫియటును అమ్మి మరీ ఆ మారుతీ కొన్నారు. 2010లో మరణించేదాకా దానిని మాత్రం అమ్మలేదు. గమనించండి: పాత కారును అమ్మినవాడూ ఆయనే, పాత కారును ఉంచుకున్నవాడూ ఆయనే. కనుక అమ్మడంలోనే ద్రోహమూ లేదు, ఉంచుకోవడంలోనే పుణ్యమూ లేదు.

వస్తువుకు ద్రోహం చేయవచ్చునా అన్న ప్రశ్నకు పునీత తోమాసు అక్వీనాసు గారి వద్ద సూటి సమాధానం దొరుకుతుంది. మేలు చేయడమంటే మేలు చేయాలని మనసులో కోరుకోవడం. ఆ మనసు లేనిచోట ఉపయోగం ఉండవచ్చును గాని ఉపకారం ఉండదు. కారుకు మనసు లేదు. వర్షంలో ఆగకుండా ఇంటికి చేర్చినందుకు మనం సంతోషించవచ్చు, దానికి ఋణపడము. ఋణం ఉన్నదల్లా జీతమంతా కూడబెట్టి కొన్న తండ్రికి, బండిని ఇన్నేళ్లు నడిచేటట్లు చూసిన మెకానిక్కుకు, వీరందరినీ ఇచ్చిన దేవునికి.

అంతేకాదు, ప్రేమను గురించి వ్రాస్తూ ఆయన మరొక ప్రశ్న వేసుకుంటారు: బుద్ధిలేని సృష్టిని దైవప్రేమతో ప్రేమించవచ్చునా? స్నేహితుని ప్రేమించినట్లు ప్రేమించలేము అంటారు, ఎందుకంటే వాటితో మనకు జీవిత సహవాసం లేదు. కాని ఒక విధంగా ప్రేమించవచ్చు అంటారు: ఇతరులకు దక్కాలని మనం కోరుకునే మేలుగా. ఈ చిన్న సందును జాగ్రత్తగా చూడండి. "ఈ బండి నాది" అన్న ప్రేమ ఒకటి. "ఈ బండి ఉంటే ఫలానావారికి మేలు" అన్న ప్రేమ వేరొకటి. రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి. ఆదివారం ఉదయం బకెట్టు నీళ్లతో కారు కడుగుతున్న మనిషిని చూసి ఏ ప్రేమతో కడుగుతున్నాడో చెప్పలేము.

తోమాసు గారి లెక్క చాలా కటువుగా ఉందని మీకు అనిపించవచ్చు. నిజమే. ఇనుముతో చేసినదానిపై కూడా మనిషికి మమకారం పుడుతుంది. రాజమండ్రిలో హేవలాక్ వంతెనను చూడండి. 1900లో రాకపోకలకు తెరిచారు, 1997లో రైళ్లు ఆపేశారు. ఇప్పుడు దానిమీద బండి నడవదు. అయినా దానిని విప్పి తూకానికి అమ్ముతామంటే గోదావరి వాళ్ల గుండె కలుక్కుమంటుంది. ఎందుకు? ఆ స్తంభాలను చూసి కాదు. రైలు వంతెన మీదికి రాగానే కిటికీలోంచి నదిలోకి పైసా వేసిన అమ్మమ్మ, మద్రాసు వెళ్లి ఉద్యోగంతో తిరిగివచ్చిన అన్న – వాళ్లు ఆ ఇనుములో ఉన్నట్లుంటుంది. మన మిత్రుడు "నాన్నగార్ని అమ్మేసినట్టుంటది" అన్నది ఈ అర్థంలోనే. ఆ మాటలో మూర్ఖత్వం లేదు. కాని తండ్రి కారులో లేరు. తండ్రి ఆ కారును ఎందుకు వాడారో అందులో ఉన్నారు.

పవిత్ర గ్రంథంలో కూడా ఒక పాత వాహనం తన యజమానిని నిలదీసింది. బిలాము గాడిదను మీరు మరచిపోలేదు గదా! సంఖ్యాకాండంలో ఆ గాడిద, ఇంతకాలం నీవు ఎక్కి తిరిగినది నన్నే గదా, ఎప్పుడైనా నీకు ఇలా చేశానా అని అడుగుతుంది. ఆ కథలో గాడిద తన సేవకు కూలి అడగలేదు. యజమాని చూడలేని దేవదూతను అది చూసింది. అతనిని ముందున్న ప్రమాదం నుండి తప్పించింది. మన పాత కారు కూడా ఒక్కొక్కసారి మనకు కనిపించనిదాన్ని చూపిస్తుందేమో!

ఇక కొత్త బండి. "కొత్తొక వింత, పాతొక రోత" అని సామెత చెప్పి ఇక్కడ ముగించడం సులభం. కాని అందంగా ఉన్నదానిని చూసి మనసు ఆకర్షితమైతే అది పాపం కాదు. పరిపూర్ణత, పొందిక, మెరుపు – సౌందర్యానికి తోమాసు గారు చెప్పిన లక్షణాలు గుడి కిటికీ అద్దాలకే కాదు, బాగా చేసిన యంత్రానికీ వర్తిస్తాయి. ఉప్పాడ జాందానీ చీర కట్టుకున్న ఇల్లాలిని దండించని మనం, అందమైన కారును చూసిన మగవాడిని ఎందుకు దండించాలి? పునీత అగుస్తీను గారు ఈ విషయంలో ఒక గీత గీశారు. కొన్నింటిని ఉపయోగించుకోవాలి, కొన్నింటిలో ఆనందించి విశ్రమించాలి; ఉపయోగించవలసిన దానిలో పోయి విశ్రమిస్తే దారిలోనే ఆగిపోతాము, ఇల్లు చేరము అని ఆయన బోధ. దారిలో అందాలు లేవని ఆయన అనలేదు సుమా! బండి ప్రయాణం అందంగా ఉండడం చేత ఊరు మరచిపోతామేమో అన్నదే ఆయన భయం.

అందం దాటి మరొకటి ఉంది. దావీదు కుమారుడు అబ్షాలోము తండ్రి మీద తిరుగుబాటుకు సిద్ధపడినప్పుడు మొదట చేసిన పనేమిటి? ఒక రథాన్ని, గుర్రాలను, ముందు పరుగెత్తడానికి యాభైమందిని సమకూర్చుకున్నాడు. రథం ఎక్కడికి వెళ్ళడానికి? ఎక్కడికీ కాదు, చూసేవారి కళ్లలోకి. 2007 జూన్ 19న వాటికన్‌లోని వలసదారుల, ప్రయాణికుల పాలకమండలి రహదారి విషయంలో ఒక మార్గదర్శక పత్రం విడుదల చేసింది. అందులో వాహనం నడిపేవారికి పది ఆజ్ఞలున్నాయి. వాటిలో ఒకటి, కారు మనకు అధికారాన్ని, ఆధిక్యాన్ని చాటుకునే సాధనం కారాదని, పాపానికి సందర్భం కారాదని హెచ్చరిస్తుంది. ఆ పత్రం వచ్చినప్పుడు పత్రికలలో కొందరు వేళాకోళం చేశారు. రావులపాలెం దగ్గర జాతీయ రహదారి ప్రక్కన నిలబడి ఒక గంట చూసినవాడు వేళాకోళం చేయడు.

నాలుగు వరుసల రహదారి మీద కూడా కారుకు వంద కిలోమీటర్ల హద్దు ఉన్న దేశంలో, అంతకు రెండింతలు పరుగెత్తగల బండి ఎందుకన్న ప్రశ్న ఒకటి ఉండనే ఉంది. పైగా మన డెల్టా! కాటన్ దొర ధవళేశ్వరం వద్ద ఆనకట్ట కట్టి 1852లో పూర్తిచేశాక తవ్విన కాలువల గట్లే మన రోడ్లు. ఒక ప్రక్క కాలువ, ఒక ప్రక్క చేను, మధ్యలో ఎదురువచ్చే వరికోత మిషను. వీధికి మూడు స్పీడు బ్రేకర్లు. నేలకు జానెడెత్తున నడిచే బండి వాటిమీద పొట్ట రాసుకోక తప్పదు. నరసాపురం దగ్గర సఖినేటిపల్లి రేవు పంటు మీదికి దానిని ఎక్కించేటప్పుడు చూడాలి. తా దూర కంత లేదు, మెడకో డోలు! పైగా ఆ కంపెనీ 2021లోనే మన దేశంలో కార్ల తయారీ నిలిపివేస్తున్నట్లు ప్రకటించింది; విడిభాగాల కోసం ఎవరి కాళ్లు పట్టుకోవాలో ముందే తెలుసుకోవడం మంచిది. ఇవి లౌకికమైన మాటలే గాని, వివేకం కూడా నాలుగు ప్రధాన సద్గుణాలలో ఒకటే గదా!

కాని నా మనసు ఆగినది వీటన్నిటి దగ్గరా కాదు. 'కూపే' అన్న మాట దగ్గర.

ఈ మాట మనకు కొత్తది కాదు. రైలులో మొదటి తరగతిలో ఇద్దరికి మాత్రమే పడకలున్న గదిని కూపే అంటారు. ఇది ఫ్రెంచి మాట. అర్థం 'కోసినది' అని. పూర్వం ఐరోపాలో ఎదురెదురుగా కూర్చునే రెండు వరుసల పెద్ద గుర్రపు బండ్లు ఉండేవి. వాటిలో ఒక వరుసను కోసివేసి, ఇద్దరికి మాత్రమే చోటుంచి చేసిన బండికి ఆ పేరు వచ్చింది. తరువాత ఆ పేరు కారుకు దిగింది. చూశారా, ఆ బండి పేరులోనే అది ఎవరికో చోటు తగ్గించి తయారైందని ఉంది! ఈ మస్టాంగ్‌లో వెనుక సీటని పేరుకు ఒకటుంది. అందులో పసిపిల్లలో, చేతిసంచులో పట్టాలి. ముందు సీటును వంచి, నడుము వంచి, ఆ సందులోంచి లోపలికి పాకాలి.

అందుకే మన మిత్రుని నేను ఒక్క ప్రశ్న అడిగాను: "ఇప్పుడు మీ బండి వెనుక సీటులో ఎవరెవరు కూర్చుంటున్నారండీ?"

ఆయన మొదట తేలికగానే మొదలుపెట్టారు. గుణదల మాత ఉత్సవానికి ఫిబ్రవరిలో వెళ్లేటప్పుడు ముగ్గురి చోట ఐదుగురు. మనుమలు వస్తే ఎందరో లెక్కలేదు. ఉపదేశి గారికి ప్రక్క ఊరిలో ప్రార్థన ఉంటే ఆయన. 1996 నవంబరు తుఫానుకు కోనసీమలో కొబ్బరిచెట్లు రోడ్లకు అడ్డంగా పడిపోయి, నాలుగైదు రోజులకు దారి తెరిచాక, తండ్రిగారు వెనుక సీటు ఊడదీసి బియ్యం బస్తాలు, మంచినీళ్ల డబ్బాలు వేసుకుని చుట్టాల ఊరికీ, చుట్టాలు లేని ఊళ్లకూ తిరిగారు. 2005 ఆగస్టులో 108 అంబులెన్సులు మొదలయ్యేవరకు రాత్రిపూట ఊరిలో ఎవరికి నొప్పులు వచ్చినా, చేలో ఎవరిని పాము కరిచినా తలుపు తట్టింది ఈ ఇంటిదే. ఆ సీటు మీద ముగ్గురు పిల్లలు పుట్టినంత పని అయిందని నవ్వారు. ఆ తరువాత మాట నెమ్మదించింది. "ఇప్పుడైతే మా పక్కింటి పిన్నిగారండి. కిడ్నీలు పాడైనయ్యి. డయాలసిస్సుకు వారానికి రెండుసార్లు నేనే తీసుకెళ్తన్నానండి" అన్నారు.

ఆమెకు డెబ్బై దాటాయి. మోకాళ్లు వంగవు. చికిత్స అయ్యాక నీరసానికి వెనుక సీటులో పడుకొని రావాలి. నేలబారు బండిలో ముందు సీటులో కూర్చోబెట్టినా ఆమెను లేపి బయటికి తేవడం ఇద్దరి పని. ఆమెకు కొడుకు లేడా అంటారు. ఉన్నాడు, గల్ఫులో ఉన్నాడు. ఆటో దొరకదా అంటారు, దొరుకుతుంది. కాని తెల్లవారుజామున ఐదు గంటలకు, పెదవి విరవకుండా, వారానికి రెండు సార్లు, ఏడాది పొడవునా దొరుకుతుందా?

ఇక్కడికి వచ్చేసరికి ప్రశ్న మారిపోయిందని మీరూ గమనించే ఉంటారు. పాత బండి, కొత్త బండి అన్న రెండు వస్తువుల మధ్య తగువు కాదిది. మంచి సమరియుని కథలో మనం నూనె, ద్రాక్షారసం, సత్రం వాడికిచ్చిన రెండు దీనారాలు గుర్తుంచుకుంటాం. వాహనాన్ని మరచిపోతాం. గాయపడినవానిని అతడు తన సొంత పశువు మీద ఎక్కించాడు. అంటే సత్రం వరకు యజమాని నడిచాడు. అపోస్తలుల కార్యాలలో ఇతియోపియా రాణి కోశాధికారి రథంలో కూర్చుని యెషయా ప్రవచనం చదువుకుంటున్నాడు. దుమ్ములో ప్రక్కన పరుగెత్తుతున్న ఫిలిప్పును పైకెక్కి కూర్చోమని బ్రతిమాలాడు. అతడు ధనికుడే, ఆ రథం ఖరీదైనదే. కాని అందులో మరొకరికి చోటుంది. ఆ చోటులోనే అతనికి జ్ఞానస్నానం దొరికింది. అబ్షాలోము రథానికీ దీనికీ తేడా ధరలో లేదు.

"అయితే రెండూ ఉంచుకోవచ్చు గదండీ, డబ్బున్నవాడే కదా!" అని మీలో కొందరు ఈపాటికి అనుకొని ఉంటారు. మన మిత్రుడూ అదే అన్నారు. పాతదానికి ఒక కవరు కప్పి షెడ్డులో పెడతాను, నాన్నగారి జ్ఞాపకంగా ఉంటుంది, కొత్తది తోలుకుంటాను, మనస్సు రెండు విధాలా శాంతిస్తుంది అని. ఇటువంటి మనిషిని పునీత లొయోలా ఇన్యాసి గారు దాదాపు ఐదువందల యేండ్ల క్రిందటే చూశారు. ఆయన ఆధ్యాత్మిక సాధనలలో, పదివేల దుకాతుల ధనం చేజిక్కినవారు మూడు తరగతులుగా కనిపిస్తారు. ఆ ధనం మీది వ్యామోహం పోవాలని అందరూ కోరుకునేవారే. మొదటివాడు రేపు, రేపు అంటూ చచ్చేదాకా ఏమీ చేయడు. రెండవవాడు వ్యామోహం పోవాలంటాడు, వస్తువు మాత్రం ఉండాలంటాడు. దేవుడే దిగివచ్చి తన ఇష్టానికి ఒప్పుకోవాలని అతని కోరిక. మూడవవాడు ఉంచుకోవాలనీ అనుకోడు, వదలిపెట్టాలనీ అనుకోడు. ఏది దేవుని సేవకు మేలో అది తెలిసేవరకు చేయి తెరిచి ఉంచుతాడు. కవరు కప్పిన కారు రెండవవాని కారు. తిరగని బండి ఎవరినీ మోయదు. తండ్రి జ్ఞాపకమని షెడ్డులో పెట్టినది, ఆ తండ్రి చేసిన పనిని ఆపివేయడమే అవుతుంది.

ఫ్రెంచి కతోలిక తత్వవేత్త గాబ్రియేల్ మార్సెల్ గారు 1935లో 'ఉండటం', 'కలిగి ఉండటం' అన్న రెండింటి మధ్య తేడా గురించి ఒక గ్రంథమే ప్రకటించారు. మనం కలిగి ఉన్న వస్తువు మెల్లగా మనలను కలిగి ఉండడం మొదలుపెడుతుందని ఆయన చెబుతారు. గీత పడుతుందేమో, దొంగ పోతాడేమో, పక్కవాడు ఇంకా మంచిది కొంటాడేమో అని మనిషి తన వస్తువుకు కాపలాదారు అవుతాడు. కాని దీనికి మినహాయింపు ఉందంటారాయన. తోటమాలికి తోట, సంగీతకారునికి వాద్యం – ఇవి కేవలం ఆస్తులు కావు, పనిలో అవి మనిషితో ఏకమైపోతాయి. మన నేతగానికి మగ్గం, పడవవానికి పడవ అట్టివే. పిన్నిగారిని తీసుకువెళ్లే ఉదయాలలో మన మిత్రునికి ఆ మారుతీ కూడా అట్టిదే. తలుపు మీద సొట్టలున్నాయి, ఎవరూ కాపలా కాయనక్కరలేదు. ఆ అరవై అయిదు లక్షల బండిని వీధిలో వదలి ఆయన డయాలసిస్సు గది బయట నాలుగు గంటలు నిశ్చింతగా జపమాల చెప్పుకోగలరా? ఆయననే అడగాలి.

గురువులు ఇతరులకు చెబుతారు గాని తామేమి చేస్తారని మీరు అడగడం సబబే. జగద్గురువులు ఫ్రాన్సిస్ పాపు గారు 2013 జూలైలో గురువిద్యార్థులతోను, మఠకన్యాభ్యర్థులతోను మాట్లాడుతూ, ఒక గురువో మఠకన్యో సరికొత్త మోడలు కారులో తిరగడం చూస్తే తనకు బాధ కలుగుతుందని, పనికి కారు కావలసిందే గాని కాస్త నిరాడంబరమైనది ఎంచుకోమని చెప్పారు. ఆ మాట ముందుగా మాకే, తరువాత మీకు. అదే సంవత్సరం సెప్టెంబరులో వెరోనాకు చెందిన రెంజో జొక్కా అనే గురువు, పేదవాడలలో తాను మూడు లక్షల కిలోమీటర్లు తిప్పిన 1984 నాటి రెనో 4 కారును పాపు గారికి కానుకగా ఇచ్చారు. ఆయన సంతోషంగా పుచ్చుకున్నారు. నాలుగేళ్ల తరువాత 2017 నవంబరులో లంబోర్గినీ కంపెనీ ఒక తెల్లని స్పోర్ట్స్ కూపేను, హురకాన్‌ను, ఆయనకు సమర్పించింది. దానిని ఆయన ఆశీర్వదించి, ముందు భాగం మీద సంతకం చేసి, వేలానికి పంపారు. 2018 మేలో మొనాకోలో అది ఏడు లక్షల యూరోలకు పైగా పలికింది. ఆ డబ్బు ఇరాక్‌లో నీనెవె మైదానపు క్రైస్తవుల ఇండ్లు, దేవాలయాలు తిరిగి కట్టడానికి, అక్రమ రవాణాకు గురైన స్త్రీలను ఆదుకోవడానికి, ఆఫ్రికాలో సేవ చేసే సంస్థలకు పంచబడింది. మన మిత్రుడు చేయబోతున్న బేరాన్ని పాపు గారు తిరగేసి చేశారన్నమాట: పాత చిన్న కారును పుచ్చుకొని, స్పోర్ట్స్ కూపేను అమ్మివేశారు. అయితే ఒక్క మాట. ఆ లంబోర్గినీని ఆయన తిట్టలేదు, తిరగగొట్టలేదు. దానికి కూడా ఎవరినో మోసే పని కల్పించారు.

ఇంతకూ నేనేం చెప్పానంటారా? కొనవద్దని చెప్పలేదు. ఆ అధికారం నాకు లేదు. అది ఆయన కష్టార్జితం, ఆయన అంతరాత్మ. చెరువుల సొమ్ము నీటి మీది సొమ్మని, 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు రొయ్య రైతులు ఎంత కలవరపడ్డారో ఆయనకు నాకంటే బాగా తెలుసు. నేను రెండే అడిగాను. ఒకటి, సంతకం పెట్టే ముందు ఒక నెలపాటు చేయి తెరిచి ఉంచమన్నాను. అమ్మాలనీ కొనాలనీ గాని, ఉంచాలనీ మానాలనీ గాని మనసులో ముందే తీర్పు వ్రాయకుండా ప్రార్థించమన్నాను. ఆ నెలలో వెనుక సీటులో ఎవరెవరు కూర్చున్నారో డైరీలో వ్రాసుకోమన్నాను. రెండవది, నెల తరువాత అమ్మాలనే అనిపిస్తే తూకానికి మాత్రం వేయవద్దన్నాను. ప్రక్క ఊరి ఉపదేశి గారికి సైకిలే గతి. ఆయన కుమారునికి లైసెన్సు ఉంది. ఇచ్చిన ధరకే ఇచ్చి, 29, 30 ఫారాల మీద సంతకాలు చేసి పేరు మార్పించి ఇస్తే బండి రోడ్డు మీదనే ఉంటుంది.

ఆయన తల ఊపారు. "మరి పిన్నిగారో అండి?" అన్నారు తనంతట తానే. మంగళవారం, శుక్రవారం ఆ ఉపదేశి గారి అబ్బాయి ఖాళీగా ఉంటాడో లేదో కనుక్కుంటానని వెళ్లారు.